నలభై ఒకటో అంతస్తు నీళ్లు

నన్ను పేరు పెట్టి ఎవరూ పిలవరు.
"సెన్యో, ముప్పై రెండు" అంటారు,
"సెన్యో, కిందికి" అంటారు.
మీట నొక్కుతాను. ఇనప బోను కదులుతుంది.
సిమెంటు బస్తాలు, ఇటలీ పాలరాయి,
హెల్మెట్ పట్టీ బిగించుకోవడం ఇంకా రాని కుర్రాడు
అందరికీ ఒకటే వేగం.
ఈ మెక్సికో నగరంలో నా అంత దూరం తిరిగి
ఎక్కడికీ వెళ్లనిదాన్ని నేనొక్కదాన్నేనేమో.

ఒకప్పుడు ఇదంతా సరస్సట.
కింద మన్ను ఇంకా నానిన రొట్టెలా ఉంటుందని
ఇంజనీరు ఇబార్రా చెప్పాడు.
"మనం లేపేకొద్దీ అది దిగుతుంది" అని నవ్వి,
గోడమీద గీత పక్కన
ఇవాళ్టి తేదీ వేసుకున్నాడు.

మే మూడున పైన సిలువ నిలబెట్టాం,
గులాబీరంగు కాగితప్పూలతో.
మేస్త్రీ క్రెసెన్సియానో బీరు మొదటి గుక్క స్లాబు మీద ఒంపాడు.
కిందవాళ్లకి, అన్నాడు. ఎవరని అడగలేదు.
పధ్నాలుగో అంతస్తు దాటేటప్పుడు
నేను ఇప్పటికీ మీట మీంచి చెయ్యి తీసి
నుదుటికి ఆనించుకుంటాను.

ఆ తర్వాతి వారం ఈతకొలను పరీక్ష.
నలభై ఒకటిలో, ఆకాశం అంచుదాకా నీలం పలకలు.
నింపి, మూడ్రోజులుంచి, చెమ్మ ఎక్కడ దిగుతుందో చూడాలి.
రాత్రంతా ట్యాంకర్లు వచ్చాయి. లెక్కపెట్టాను, పదిహేడు.
ఇస్తాపలాపాలో మా వీధికి పదిరోజులకొకటి.
మాకన్నా ముందే లేచి
మా డ్రమ్ములు వరసలో నిలబడతాయి.
నేనేమీ అనలేదు. అడిగినవాళ్లుంటే కదా.

రెండోరోజు తెల్లారగట్ల
ఆ నీళ్లలోకి కొంగొచ్చింది.
తెల్లది. ఒంటికాలి మీద.
ఏ తాతముత్తాతల చిరునామా పట్టుకుని వచ్చిందో,
నీలం పలకల అడుగుకేసి
ఓపిగ్గా చూస్తూ నిలబడింది.
పెయింటర్ల చేతులు ఆగాయి.
తోలెయ్యమన్నాడు ఇబార్రా. ఎవరూ కదల్లేదు,
అతనూ రెండోసారి అనలేదు.
ఎల్పీదియో తన అన్నం డబ్బాలోంచి సార్డీను ముక్క విసిరితే
అది మొహం తిప్పుకుంది.
టమాటా రసంలో మునిగిన చేపని
కొంగ ఎలా గుర్తుపడుతుంది?

మూడోరోజు సాయంత్రం
చెమ్మ లేదని సంతకాలయ్యాయి. బిరడా లాగారు.
కొంగకి మోకాళ్లదాకా నీళ్లు,
తర్వాత వేళ్లదాకా,
తర్వాత పలకల మీద తడి.
అప్పుడు గానీ లేవలేదది. తూర్పుకు పోయింది.

ఆఖరిసారి దిగుతున్నాను.
బోనులో నేనూ, కడిగిన రంగుడబ్బాలు రెండు, నిండుగా.
పక్కన పైపులో నీళ్లూ దిగుతున్నాయి, గలగలమని కాదు,
ఎవరో గొంతు సవరించుకుని
చెప్పబోయి మానేసినట్టు.
ముప్పై. ఇరవై రెండు.
పధ్నాలుగు దగ్గర నేను ఆగాను,
అవి ఆగలేదు.

గేటు దగ్గర కాపలా ముసలాయన
డబ్బాలకేసి చూడలేదు.
ఒక్క మబ్బు లేని ఆకాశంకేసి మెడ ఎత్తి
"వానొచ్చేలా ఉంది, దొమితిలా,
త్వరగా వెళ్లు" అన్నాడు.