చివరి వరస

ఏడు పూతలు.
కత్తి అంచుతో ఒక్కొక్కటే గీకుతున్నాను.
పైన బింగో ఆడిన రోజుల గులాబి,
దాని కింద సోఫాలమ్మిన దుకాణం తెలుపు,
ఇంకా కింద, యుద్ధం నాటిదట,
ఏ ఓడకో వెయ్యగా మిగిలిన బూడిద రంగు.
అన్నిటికీ అడుగున పచ్చ.
వాన వెలిసిన మరుక్షణం కొండకుండే పచ్చ.

వేల్స్‌లో ఈ లోయ ఇరుకు.
సూర్యుడు ఆలస్యంగా వచ్చి
ఇంకెక్కడో పనున్నట్టు వెళ్ళిపోతాడు.
రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్ళు
కూలిలో పౌనుకు రెండు పెన్నీలు
పదకొండేళ్ళు కోయించుకుని
కట్టుకున్న థియేటరిది.
స్టేజీ కింద లెక్కల పుస్తకం దొరికింది,
ఎలుకలు తిన్నంత తినగా.
ఇవాన్ ప్రోసర్, రెండు పెన్నీలు.
ఇవాన్ ప్రోసర్, రెండు పెన్నీలు.
ఇవాన్ ప్రోసర్, ఆ తర్వాత అడ్డంగా గీత.
గీత ఎందుకని ఈ ఊళ్ళో ఎవరూ అడగరు.
పై వారం అదే చోట, వేరే సిరాతో:
ప్రోసర్ భార్య, ఒక పెన్నీ.

బాల్కనీ చివరి వరస దగ్గర
నా కత్తి ఆగింది.
కూర్చున్న మనిషి తల ఎత్తున
గోడ మీద నల్లటి గుండ్రాలు, పద్నాలుగు.
ఎవరే రంగు పూసినా పైకి తేలాయి,
గులాబిలోంచి కూడా.
కార్డిఫ్ నుంచి వచ్చిన ఇంజనీరు
ముక్కు ఆనించి చూసి, బూజన్నాడు.
మందు పేరు రాసిచ్చాడు.

సాయంత్రం మోర్విద్ వచ్చింది.
ఎనభై ఎనిమిదేళ్ళు.
ఒకప్పుడు టార్చి పట్టుకుని సీట్లు చూపించిన పిల్ల.
మెట్ల మీద చెయ్యి అందిస్తే కసిరింది.
నా ఫోను లాక్కుని
వెలుగు ఎవరి కళ్ళలోనూ పడకుండా
కిందికి వంచి పట్టుకుంది, అలవాటుగా.
"ఇది గ్రిఫ్. బొమ్మ ఏదైనా నిద్రే.
ఇది ఎల్విన్, తలకి ఆముదమో ఏమిటో, కంపు.
ఈ రెండూ ఇంత దగ్గరగా ఉన్నాయే,
అది పెళ్ళికి ముందు.
పెళ్ళయ్యాక కింద కూర్చున్నారులే, దూరదూరంగా."

కాసేపు ఊపిరి తీసుకుంది.
"గనిలో స్నానాల గది లేదప్పుడు.
షిఫ్టు దిగి మసితోనే వచ్చేవాళ్ళు.
మంచి సీట్లు మాస్తాయి,
వాళ్ళని వెనక్కి పంపమని నాకు ఆర్డరు.
వాళ్ళు కట్టుకున్న హాల్లో
వాళ్ళకి వెనక్కి దారి చూపించాను,
ఈ చేత్తోనే."

గోడలకు చెవులుంటాయంటారు.
ఈ గోడకు తలలున్నాయి.

కమిటీలో రెండు రాత్రులు కొట్లాట.
చివరికి ఒక్క ఓటు తేడాతో
మందు సీసా మూత తియ్యకుండానే వెనక్కి వెళ్ళింది.
అతి సన్నని కుంచెతో
ఒక్కో తల చుట్టూ పచ్చ దిద్దాను,
మంగలి చెవి చుట్టూ కత్తెర తిప్పినట్టు.

తెర లేచిన రాత్రి హాలు నిండింది.
ఏం ఆడారో నేను సరిగా చూడలేదు,
వెనక్కే చూస్తూ కూర్చున్నాను.
బయటికి వస్తుంటే ముందొక కుర్రాడు,
చివరి వరసలో, రెండు తలల సందులో కూర్చున్నవాడు.
జుట్టు వెనక పచ్చటి నెలవంక.
రంగు ఇంకా ఆరినట్టు లేదు.

పిలిచి చెబుదామనుకున్నాను.
చెప్పలేదు.