గురువారం కప్పు

లానెల్లిలో వాన పట్టి మూడో రోజు.
కౌన్సిల్ నుంచి వచ్చినామె గొడుగు గుమ్మం బయటే వదిలి
బూట్లు విప్పమంటారా అని అడిగింది.
మర్యాదస్తురాలే. వచ్చిన చిక్కే అది.
తిడదామంటే ఈ కోతలకి ఒక ముఖం దొరకదు.

ఒళ్ళో ఫారం. ఇరవై మూడు పేజీలు.
మా తమ్ముడు ఎమ్రిస్‌కి నలభై నాలుగేళ్ళు,
వారానికి పద్దెనిమిది గంటలు.
అంటే ఆ పద్దెనిమిది గంటలూ
ప్రభుత్వం జీతమిచ్చిన మనిషి ఒకరు
వాడి పక్కన నడుస్తారు, ఈత కొలనుకి, బ్యాంకుకి, క్షవరానికి.
మిగతాదంతా నేను.

"చిల్లర లెక్కపెట్టగలరా?"
"రోడ్డు దాటగలరా?"
"గడియారం చూసి టైం చెప్పగలరా?"

ఇలాంటి ఫారాలు నింపి నింపి
వేళ్ళరిగిన తల్లులు నాకు ముందే చెప్పారు:
మంచి రోజు ఊసెత్తకు.
వాడి బతుకులోకెల్లా పాడు రోజుని తీసి
బల్లమీద పెట్టు.
వాళ్ళ తక్కెడ తూచేది దాన్నే.

పెట్టాను.
బస్సు దారి మార్చిన ఏడు, నడిరోడ్డు మీద
చెవులు మూసుకుని కూలబడ్డ సాయంత్రం.
తడిసిన పక్క. పగిలిన అద్దం.
అమ్మ పోయిన వారం.
ఒక్కొక్కటీ నిజమే.
అన్నీ కలిపితే మాత్రం వాడు కాడు.

వంటింట్లో కెటిల్ చప్పుడు.
తలుపు ఓరగా తెరిచే ఉంది.
వాడికి రానిది చదవడం,
వినడం కాదు.

"టీ తనంతట తాను పెట్టుకోగలరా?"

అవునంటే రోజుకి ఇరవై నిమిషాలు తెగుతాయి.
ఇరవై ఏళ్ళు నూటనలభై.
రెండు గంటల పైచిలుకు.
అంటే గురువారం, అంటే ఈత,
అంటే నెరిస్ అనే అమ్మాయి తడి జుట్టుతో వాడితో పాటు నవ్వడం.

"లేదు," అన్నాను.
కలం గీసింది.

అప్పుడొచ్చాడు ట్రే పట్టుకుని.
నీళ్ళు, ఆకు, ఆగడం, తర్వాతే పాలు.
ఆ వరుస నేర్పడానికి అమ్మకి పదకొండేళ్ళు పట్టింది.
చక్కెర ఎన్ని చెంచాలని ఆమెనే అడిగాడు.
రెండంది. రెండే వేశాడు.
ఆమె కలం గాల్లో ఆగింది,
నా వంక చూసింది,
కప్పందుకుంది, చాలా బాగుందంది.
రాసింది కొట్టెయ్యలేదు.
నేనూ అడగలేదు.

ట్రేలో నాలుగో కప్పు.
"ఇదెవరికి?"
"నెరిస్‌కి. ఇవాళ గురువారం. రెండింటికొస్తుంది."
మూలన గడియారం రెండుకి ఐదు తక్కువ.
నేను ఫారం వైపు చూడలేదు.

ఉత్తరం ఆరు వారాల్లో వస్తుందట.

ఆ రాత్రి వాడు నాతో మాట్లాడలేదు.
నేను దీపం ఆర్పాక
గుమ్మంలో నిలబడ్డాడు, చెప్పులు తారుమారుగా వేసుకుని.
"నాకు టీ వచ్చు."
"వచ్చురా."
"ఆమెకి చెప్పు."