శుక్రవారం పలక

హైదరాబాదు బండి తెల్లారి నాలుగున్నరకు
రాజ్‌విహార్ కాడ కట్టను కిందికి ఇసిరేసి పోతాది.
తాడు కోసి, కొత్త అచ్చు వాసన పీల్చి,
కొట్టు తెరిచేలోపల అన్నీ చదివేస్తా.
తర్వాత పలక మీద సుద్దముక్కతో
సూపర్ హీరోల సంగతి నాలుగు మాటలు రాసి
బయట మేకుకు తగిలిస్తా.
షరతు ఒకటే:
కడాకు ఏమయితాదో అడగొద్దు.
ఆటో సుంకన్న అయినా సరే,
"సస్తాడా బతుకుతాడా, అదొక్కటి చెప్పన్నా" అని
ఉగ్గాని పొట్లం చేతిలో పెట్టినా సరే.

నిప్పుగద్ద, మూడో సంచిక.
రెక్కల ఎరుపు బాగా పండింది.
మాటలు తక్కువ, మంటలు ఎక్కువ.
మే నెలలో, కర్నూల్లో, రేకుల కింద కూచోని చదివితే
ఈయన గొప్ప ఏందో తెలియలే.
మనమూ అంతే కాల్తాంటాం,
మనకెవురూ బొమ్మ గీయలే.

రవ్వలదొర.
గుండెకాయ ఉండాల్సిన చోట వజ్రం ఉంటాదంట ఈ పిల్లగానికి.
తొలకరి పడినాక తుగ్గలి చేలల్లో
నడుం వంచి మట్టి గెలికేవాళ్ళ కంట పడితే
ముందు కదలకుండా పట్టుకుంటారు,
కథ తర్వాత.
పదిహేడో పేజీ దగ్గర మాత్రం
నా టీ చల్లారిపోయింది.
ఎందుకో చెప్పను.

సూదిపిల్ల, తొలి సంచిక.
కొనండి.

ఇంకేం రాయాల్నో తెలీక
పలక చానాసేపు అట్లే పట్టుకోనుంటి.
దర్జీ ఇమాంబీ వచ్చి రెండు కాపీలు తీసుకపోయె.
ఆమెకు చదవను రాదు.
"దారం ఎక్కించేది సరిగ్గా గీసినాడబ్బా" అనె.

అద్దాలమనిషి.
పోయిన నెలదే మళ్ళీ. అట్ట మారింది.

జలస్తంభుడు, ప్రత్యేక సంచిక, అరవై నాలుగు పేజీలు.
ఏరు పొంగొస్తాంటే ఒంటిచేత్తో నిలబెడతాడు.
ఆ బొమ్మ రెండు పేజీల నిండా పరుచుకోనుంటాది,
నురగ బొట్టు బొట్టూ లెక్కబెట్టొచ్చు.
దీని గురించి నేను చెప్పేది నమ్మొద్దండి.
ఆ అక్టోబరులో తుంగభద్రా హంద్రీ ఒకటై
ఈ సందులోకి వచ్చినప్పుడు
పై అర దాకా పుస్తకాలన్నీ
నానబెట్టిన శనగల మాదిరి ఉబ్బిపోయినాయి.
పక్కింటి మిద్దె మీద నిలబడి
మేమూ ఆకాశం దిక్కు చూసినాం.
ఎవరన్నా ఎగురుకుంటా వస్తారని కాదు,
పులిహోర పొట్లాలు పడతాయేమోనని.
కాబట్టి కాగితం మంచిది, అచ్చు శుభ్రం,
అంతవరకే రాస్తా.

సాయంత్రం ట్యూషనుకు పోతా పోతా షాహీనా వస్తాది.
నిలబడే చదువుతాది. కొనదు. నేనూ అడగను.
పదకొండో పేజీకల్లా సిటీ బస్సు వస్తాది,
మిగతాది రేపు.
రేపటికి ఆ కాపీ అమ్ముడుపోకుండా
గల్లా పెట్టె వెనక దాస్తానని ఆ పిల్లకు తెలుసో లేదో.

ఈ శుక్రవారం రెండు బస్సులు పోనిచ్చింది.
జలస్తంభుణ్ణి అట్ట నుంచి అట్ట దాకా చదివి,
మూల మడత పడకుండా సర్ది పెట్టి,
"బాగుంది మామా. అయితే
నాలుగో పేజీలో రొట్టె కాలుస్తా ఉన్న వాళ్ళమ్మ
తర్వాత యాడికి పోయింది?" అనింది.

తిప్పి చూస్తి.
పొయ్యి, పెనం, తెల్లపిండి అంటిన మోచెయ్యి.
చానా పేజీలు మళ్ళీ తిప్పితి,
కళ్ళద్దాలు తుడిచి ఒకసారి, తుడవకుండా ఒకసారి.

ఇది పలక మీద రాస్తే
కథ బయటపెట్టినట్టా, కాదా?
ఇరవై ఏండ్లుగా ఈ కొట్లో కూచున్నోణ్ణి,
నాకు తెలియలే.
సుద్దముక్క ఆ పిల్లకే ఇచ్చేస్తి.

నా రాత తుడపకుండా, దాని కిందనే,
కొంచెం వంకరగా రాసింది:
నాలుగో పేజీ నిదానంగా చూడండి.

దీపాలు పెట్టే యాళకు సుంకన్న వచ్చి
ఆ పేజీ తీసి నిలబడినాడు.
ఆటో ఇంజను ఆపలేదు.
ఏమీ అడగనూ లేదు.