ఎరుపు జరిగింది

లెనిన్ సెంటర్లో ఆదివారం పొద్దున
మేనకోడలి కొడుక్కని పాత గైడు కొంటే
నూట పన్నెండో పేజీలో
అరచెయ్యంత అట్టముక్క,
దానిమీద గాల్లో ఒక మనిషి.

పేరు సగం బబుల్‌గమ్ జిగురు తినేసింది.
పొట్టి నిక్కరు, మోకాళ్ళదాకా చారల మేజోళ్ళు,
చేతిలో తడి ఇటుక రంగు బంతి.

ఈ ఆట నేనెప్పుడూ చూళ్ళేదు.
ముప్ఫయ్యొక్కేళ్ళు గవర్నర్‌పేట ప్రెస్సులో
పెళ్ళికార్డులు కోసినవాణ్ణి,
నాకు తెలిసింది అంచులే.
కుడివైపు తెల్లంచు మూడు మిల్లీమీటర్లు,
ఎడమవైపు ఒక్కటే.
కటింగ్ మీదున్నవాడు
ఆ పూట ఇంట్లో గొడవపడి వచ్చాడేమో.

భూతద్దం పెట్టాను.
పసుపు, నీలం, నలుపు చుక్కలు
బళ్ళో పిల్లల్లా కుదురుగా కూచున్నాయి.
ఎరుపు మాత్రం వెంట్రుకవాసి పైకి జరిగింది.
మా సైదులైతే మిషను ఆపి
ఇంకు డబ్బాని కూడా తిట్టి
ఆ రీమంతా తూకానికి వేసేవాడు.
ఇక్కడ మాత్రం
ఆ జరిగిన ఎరుపే ముందు ఎగిరింది.
ఒంటిని కిందే వదిలేసి
పెదాలూ, బనీను మీది అంకే
బుట్ట దగ్గరికి చేరిపోయాయి.

వెనక్కి తిప్పితే బూడిద అట్ట,
రేషన్ కార్డు గళ్ళలాంటి గళ్ళు,
ఏ ఏడు ఎన్ని ఆటలు, ఎన్ని బుట్టలు.
మూలన చిన్న బొమ్మ:
సెలవుల్లో గాలం వేస్తాడట.
ఇంత జాగాలో ఒక మనిషిని సర్దినవాడెవడో గానీ
వాడికో దణ్ణం.
మేనమామ పేరు సన్నగా పడిందని
కౌంటర్ ముందే చొక్కాలు పట్టుకున్నవాళ్ళని చూశాను నేను.

టీకొట్టు వజ్రమ్మ మనవరాలు
నాగహారిక బళ్ళో ఈ ఆటే ఆడుతుంది.
చూపించాను.
గ్లాసులు కడుగుతూనే ఓరగా చూసి
"మోచెయ్యి బయటికి పోయింది తాతా,
ఇది పడదు" అంది.

నవ్వొచ్చింది. నాకు అంచు, దానికి మోచెయ్యి.

నాలుగు మూలలూ అరిగి గుండ్రమయ్యాయి.
మూలలు పదునుగా ఉంటే డబ్బులొచ్చేవని
పుస్తకాలమ్మే రవూఫ్ బాధపడ్డాడు.
ఏ పిల్లాడి జేబులో ఎన్నేళ్ళు నలిగిందో,
ఆ లెక్క వెనక గళ్ళలో లేదు.

రాత్రి స్కేలూ బ్లేడూ తీశాను.
కుడి అంచు రెండు మిల్లీమీటర్లు లేపేస్తే
కార్డు సరిసమానం.
చెయ్యి అలవాటుగా వెళ్ళి
అక్కడే ఆగింది.

కోసేస్తే ఎలా?
వాడు దిగేది అటువైపే.