పిడి

పర్లాకిమిడిలో మా హాలు గేటు దగ్గర
టిక్కెట్లు చింపేవాణ్ణి నేను.
ఏ యుద్ధమైనా నాకు విరామం తర్వాతే మొదలవుతుంది.
రాజులెందుకు కొట్టుకుంటున్నారో ఎప్పుడూ తెలీదు,
ఎవడు పడ్డాడో మాత్రం తెలుస్తుంది.

ఆ ఏడు రెండు కత్తుల సినిమాలొచ్చాయి.
దసరాకొకటి. నెల తిరక్కుండా ఇంకొకటి.
మొదటిదానికి పాతపట్నం నుంచి కూడా
ఏరు దాటి వచ్చారు జనం, బండికి ముగ్గురేసి.
దాన్లో రాజుకి చావు లేదు.
ఏనుగు మీంచి ఏనుగు మీదికి దూకుతాడు,
బురదలో దొర్లినా తలపాగా నలగదు,
వెయ్యి గుర్రాలు కొండ దిగి వస్తాయి.
"పది గుర్రాలేరా, వందసార్లు అచ్చేశారు"
అంటాడు మా ఆపరేటర్ దండాసి.

రెండోదాన్లో వీరుడికి బట్టతల.
మడమకి పుండు. ఎప్పుడూ వాన.
నాలుగో రోజుకే కుర్చీలు బోసిపోయాయి.
"ఏటి బావా, వీరుడంటే ఇలాగుంటాడా?
సినిమా అంతా చెప్పులు కుట్టించుకుంటన్నాడు"
అని నన్ను నిలదీశారు,
నేనే తీసినట్టు.

ఇక కృపాసింధు.
ఇంటిపేరు మహారాణా.
పని, దున్నపోతు కొమ్ముతో కొంగలు చెయ్యడం.
కొంగలు, రొయ్యలు, దువ్వెనలు.
నిప్పుసెగకి కొమ్ముని లొంగదీసి,
బొగ్గుపొడితో రుద్ది, కొబ్బరినూనె పట్టించి,
అందులో తన ముఖం కనపడేదాకా వదలడు.
సినిమా మొహం ఎరగని మనిషి
దసరా సినిమాకి మొదటి ఆట, ముందు వరస.
ఆరుసార్లు.

ఏడోసారి టిక్కెట్టు చింపకుండా అడిగాను,
"అంత నచ్చిందా పెద్దాయనా?"
"నచ్చడమేటి?
నా పిడి కోసం చూస్తన్నాను."

రెండేళ్ళ కిందట ఎవరో వ్యానులో వచ్చారట.
నలభై కత్తిపిడులకి బేరమాడి
పన్నెండింటికి డబ్బిచ్చి
నలభై పట్టుకుపోయారట.
ఏ సినిమాకో చెప్పలేదు.
"కత్తుల సినిమా" అన్నారట, అంతే.

అప్పట్నుంచి నేనూ కత్తినే చూశాను.
మూడు గంటల సినిమాలో ఆ రాజు
పిడికిలి విప్పడు.
నిద్రలో విప్పడు. ఒక చేత్తో రాణి గడ్డం పట్టుకుంటే
రెండో చేత్తో కత్తి పట్టుకునే ఉంటాడు.
అన్నం తిన్నట్టు లేదు.
గెలిచాక కత్తి ఆకాశానికెత్తుతాడు,
జనం ఈలలేసి కాగితాలు ఎగరేస్తారు,
నేను చింపిన ముక్కలే అవి.
పిడి మాత్రం పిడికిట్లోనే.

రెండో సినిమా, చివరి పావుగంట.
వీరుడు పడిపోతాడు. సంగీతం లేదు.
హాల్లో పదిహేనుమందిమి, వాన చప్పుడు.
వేళ్ళు ఒక్కొక్కటీ విడతాయి,
ముందు చిటికెన వేలు.
కత్తి పక్కకి ఒరుగుతుంది.
నల్లగా, కొంగమెడలా కొస వంపు తిరిగి
తెరనిండా
పిడి.

రెండే రెండు క్షణాలు.
ముందు వరసలో ముసలాయన లేచి నించున్నాడు.
"కూకో తాతా!" వెనకనుంచి కుర్రాళ్ళు.
కూకోలేదు.
ఆయన తల నీడ
చచ్చిపోయిన వీరుడి గుండెల మీద పడింది.

బయట మరమరాల పొట్లం కొనిచ్చాను.
టీ బడ్డీ దగ్గర వారంగా తెగని తగువు
ఈయన చేత తేల్పించాలని నా ఆశ.
"ఇప్పుడు చెప్పు, ఏది గొప్ప సినిమా?"

చాలాసేపు నమిలాడు.

"మూడో కట్టు కాడ నున్న చాల్లేదు.
అంత పెద్దది చేసి చూపిస్తారని
ఎవులికి తెల్సు?"

పొట్లం కాగితం మడిచి జేబులో పెట్టుకుని
బజారు వైపు వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఆ సినిమా ఎత్తేసి
మళ్ళీ మొదటిదే వేశారు, జనం అడుగుతున్నారని.
కృపాసింధు రాలేదు.
విరామం తర్వాత నేను లోపలికెళ్ళి
గోడకి ఆనుకుని నించుంటాను.
ఆ రాజుకి చెయ్యి నొప్పెట్టదా అని
చూస్తుంటాను.