ఘాటు

గుంటూరు మిర్చియార్డు గోతంతో కుట్టాం అవ్వని.
కళ్ళు, లాలాపేట మస్తాన్‌బీ ఊరికే ఇచ్చిన
జత కుదరని కోటు గుండీలు.
చేతిలో ఉన్నవి నాలుగువేల రెండొందలు.
సగం లైటు అద్దెకే సరి.

బల్ల కింద శౌరి,
మోచేతిదాకా అవ్వలో దూరి.
చప్పుడని ఫ్యాను ఆపేశాం.
మేకని అమ్మేశారని అవ్వకి తెలిసే సీను,
ఉలక్కుండా పలక్కుండా కూర్చోవాలి, అంతే.

ఎన్నిసార్లు ఉతికినా పోలేదు ఆ గోతంలో కారం.
వాడు తుమ్ము ఆపుకుంటున్నాడు.
అవ్వ భుజాలు ఒకసారి అదిరాయి,
ఆగాయి, మళ్ళీ అదిరాయి.
తల మెల్లగా ఒడిలోకి వాలిపోయింది.

కట్ చెప్పాల్సింది నేనే.
చెప్పలేదు.

"పాడుచేశానా?" అంటూ బయటికొచ్చాడు శౌరి,
కళ్ళూ ముక్కూ ఎర్రగా.
ఫ్యాను వేశాను.
అవ్వ జుట్టు, కొబ్బరిపీచు,
కొంచెం కదిలింది.