రెండో భాగం

మొదటి భాగంలో ఊరిని తొక్కినవాడే
రెండో భాగంలో మన తరఫున దిగుతాడని
గేటు దగ్గరే చెప్పేసేవాడు మస్తాన్‌వలి,
టికెట్టు చింపుతూ.

బెజవాడ, ఏలూరు కాలవ గట్టు, చిత్రరేఖా టాకీసు.
మే నెల. కాలవ కట్టేశారు.
బురదలో తెగిన చెప్పులు, ఒక సైకిలు చక్రం,
గేదె మునిగేన్ని నీళ్ళు కూడా లేవు.
జపాను బొమ్మ మద్రాసు మెయిల్లో దిగింది, ఏడు డబ్బాలు.
స్టేషన్నించి రిక్షాలో వాటి మీద కూర్చుని తెచ్చాను.
ఆరోదానికి మూత పట్టదు. పురికోస కట్టాం.

భాష ఎవరికీ రాదు.
అందుకని మస్తాన్‌వలి తెర పక్కన స్టూలెక్కి
అందరి మాటలూ తనే మాట్లాడేవాడు.
ఆకాశం నించి దిగినవాళ్ళు వెండి బట్టల్లో
తాసీల్దారాఫీసు గుమాస్తాల్లా చేతులు కట్టుకుని నిలబడితే
"అయ్యా, మీకేం కీడు చెయ్యం,
కొలుచుకుని పోతాం, అంతే" అనేవాడు.
నేల క్లాసు గొల్లుమనేది.
వాళ్ళ కొలతల దీపం ఏ మేడ మీద పడితే
ఆ మేడ పిండి.

అప్పుడు సముద్రం లేచేది.
ముందు వీపు, తర్వాత మెడ, తర్వాత
మొదటి భాగంలో ఫిరంగి తగిలి మూసుకుపోయిన
ఆ ఎడమ కన్ను.
ఈలలు. తెర మీదికి చిల్లర.
అప్పుడు చంపమన్న నోళ్ళే
ఇప్పుడు రారా నాయనా అనేవి.

దీనమ్మ మాత్రం తలుపు దగ్గర
చీపురు చంకలో పెట్టుకుని ఒకటే అడిగేది:
"ఆ చేపల బడ్డీ ఆవిడ ఏమైందిరా?"

మొదటి భాగం, రెండో రీలు చివర,
పాదం పడబోయే ముందు, రెప్పపాటు:
రేకుల బడ్డీ, గళ్ళ గొడుగు,
తక్కెడ సర్దుకుంటున్న ఒక ఆడమనిషి.
తర్వాత పాదం. తర్వాత వేరే వీధి.
మేమెవరం చూళ్ళేదు.
దీనమ్మ ఇరవయ్యొక్క ఆటలు చూసింది.

రెండో భాగంలో ఆ వీధి మళ్ళీ కట్టేశారు.
అద్దాల కొట్లు, ట్రాము, చెట్లకి నీళ్ళు పోసే మనిషి.
"ఇదే మలుపురా. ఇక్కడే."
"అవన్నీ అట్టపెట్టెలు అత్తా, రబ్బరు తొడుగు,
లోపల మనిషుంటాడు" అన్నాను,
ఎనిమిది దాకా చదివినవాణ్ణి గనక.
"మనిషా?
అయితే వాడికి తెలిసే ఉంటుంది,
కాలికింద ఏం తగిలిందో."

ఫిబ్రవరిలో మునిసిపాలిటీ వాళ్ళు
గట్టు మీదికి టేపులు పట్టుకొచ్చారు.
మర్యాదగానే. మజ్జిగ అడిగి తాగారు.
దీనమ్మ ఇడ్లీ బడ్డీ తడిక మీద
సున్నంతో గీత గీసి పోయారు.
మూడో రోజు లారీ.
మేనేజరు జాలిపడి చీపురిచ్చాడు.

మేలో అదే లారీ, అదే డ్రైవరు,
డ్రమ్ముల్తో మంచినీళ్ళు తెచ్చాడు.
జనం చప్పట్లు కొట్టారు.
దీనమ్మా బిందె పట్టుకు నిలబడింది.
నీళ్ళ మీద కోపమేముంది.

ఆఖరి ఆట. నలభై మంది కూడా లేరు.
ఆరో రీల్లో ఆకాశం వాళ్ళ రాజు
లోకానికంతా ఆజ్ఞ చదువుతున్నాడు.
మస్తాన్‌వలి నోరు విప్పలేదు.
పెదాలు కదుల్తున్నాయి, మాట లేదు.
బూత్‌లో నేను మిషను చప్పుడు వింటున్నాను.
అప్పుడు వాడు గొంతు తగ్గించి
ఆ రాజు నోట్లోంచి అన్నాడు:

"గొడుగు వదిలేసి వెనక సందులోకి దూకానమ్మా.
తక్కెడ పోయింది.
పోతే పోయింది, తక్కెడ మళ్ళీ కొనుక్కోవచ్చు."

ఎవరూ నవ్వలేదు.
ముందు వరసలో ఒకడు మాత్రం
"రాజు మాట చెప్పరా" అని అరిచాడు.
దీనమ్మ తెరకేసి చూస్తూ
"మోకాలికేమన్నా తగిలిందా" అంది.
జవాబు రాలేదు, ఆ పాటికి యుద్ధం మొదలైంది.

బొమ్మ ఇంకా పావుగంట ఉండగానే
ఆ చివర నించి ఊడవటం మొదలుపెట్టింది,
వేరుశనగ పొట్టు, బీడీ ముక్కలు,
ఎవరిదో పిల్లాడి ఒంటి చెప్పు ఏరి పక్కన పెట్టి,
పైన ఊళ్ళు కూలుతున్న వెలుగులో
వంగి వంగి ముందుకొస్తూ,
"కాళ్ళు ఎత్తండయ్యా,
కాస్త కాళ్ళు ఎత్తండి."